గాయకుడు ఆగితే తంబురా పెరిగింది: ఒక సంగీత రేడియో, దాని శ్రోతల ఫిర్యాదులు (కేస్ స్టడీ)

ఈ కేసు జరిగి కొన్నేళ్లయింది. స్టేషన్ పేరు, ఊరు, మనుషుల గుర్తులు అన్నీ తీసేశాను, ఒకటి రెండు వివరాలు కావాలనే మార్చాను. నా ఉద్యోగ జీవితమంతా రేడియో ప్రోగ్రాముల పనిలోనే గడిచింది, అందులోనూ ఎక్కువ భాగం శాస్త్రీయ సంగీతంతోనే. ఇన్నేళ్లలో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన కేసు ఇదే. శ్రోతలు చెప్పింది నేను విన్నాను, వాళ్ల రేడియోలో వస్తున్నది మాత్రం వినలేదు. ఆ తేడా పట్టుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలల్లో వెళ్లిపోయిన శ్రోతల్లో కొందరు మళ్లీ రాలేదు.

నేపథ్యం

ఒక సంగీత ట్రస్టు నడిపే చిన్న రేడియో అది. కమ్యూనిటీ రేడియో లైసెన్సు, 50 వాట్ల ట్రాన్స్‌మిటర్, అదే ప్రసారం నెట్‌లో కూడా వచ్చేది. పొద్దున భక్తి సంగీతం, మధ్యాహ్నం వాద్యాలు, రాత్రి ఏడున్నర నుంచి గంటసేపు కచేరీ. కచేరీలు చాలావరకు ట్రస్టు సభల్లో రికార్డు చేసుకున్నవి, పాత స్పూల్ టేపుల నుంచి కంప్యూటర్లోకి ఎక్కించినవి. అనౌన్సర్ ఒకాయన ఉండేవారు. ప్రతి కృతికి ముందూ తర్వాతా రాగం, తాళం, వాగ్గేయకారుడు, పాడినవారు, పక్కవాద్యాలు ఎవరెవరో తొందర లేకుండా చెప్పేవారు.

ఆ శ్రోతలు ఎలాంటివాళ్లో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. వాళ్లలో చాలామంది చెవి తయారైంది ఆకాశవాణితో. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం భక్తిరంజని, సంగీత శిక్షణ, స్టూడియో కచేరీలు విని పెరిగిన ఇళ్లు అవి. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు లాంటివాళ్లు పనిచేసిన స్టేషన్ అది. సంగీతం మేష్టారు దగ్గర కూర్చునే వీలు లేని ఇంట్లో కూడా రేడియో ముందు పుస్తకం పెట్టుకుని స్వరాలు రాసుకున్నవాళ్లున్నారు. ఆలాపన (కృతికి ముందు మాటల్లేకుండా రాగాన్ని పాడడం) మొదలవగానే రాగం ఏదో ఊహించి, అనౌన్సర్ చెప్పేదాకా కాచుకుని సరిచూసుకోవడం ఆ ఇళ్లలో ఒక ఆట. కాబట్టి అనౌన్స్‌మెంట్ వాళ్ల లెక్కలో ఖాళీ నింపే మాట కాదు, వినడంలో అదీ ఒక భాగం.

ట్రస్టులో కమిటీ మారింది. కొత్తవాళ్ల ఉద్దేశం మంచిదే, దీన్ని ఒప్పుకుని తీరాలి. శ్రోతల వయసు పెరుగుతోంది, కుర్రవాళ్లు రావడం లేదు, చందాలు తగ్గుతున్నాయి. ఏదో ఒకటి చేయాలి. వాళ్లు ఒకే సోమవారం నాడు నాలుగు మార్పులు చేశారు. కచేరీని రాత్రి పదింటికి జరిపి ముప్పావు గంటకు కుదించారు. ఏడున్నరకి ఎనిమిది నిమిషాలు మించని చిన్న పాటలతో, మధ్య మధ్య కబుర్లతో కొత్త ప్రోగ్రాం పెట్టారు. అనౌన్సర్ బదులు ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. ట్రాన్స్‌మిటర్ ముందు కొత్త ఆడియో ప్రాసెసర్ కూడా చేరింది. ఈ నాలుగోది మొదట్లో నాకెవరూ చెప్పలేదు. దాచాలని కాదు, అది ఇంజినీరింగ్ సామాను, ప్రోగ్రామ్‌కు సంబంధం లేదని అనుకున్నారంతే.

సమస్య నా దగ్గరికి వచ్చిన తీరు

నెల తిరిగేసరికి ఫోన్లు, ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు గుట్టపడ్డాయి. ఏటా చందా కట్టే కుటుంబాలు కొన్ని ఆపేశాయి. కమిటీ నన్ను పిలిచి అడిగింది ఒకటే: "పెద్దవాళ్లకి మార్పు నచ్చదు, వాళ్లకి మర్యాదగా ఎలా జవాబివ్వాలో చెప్పండి." అంటే రోగం పేరు ముందే రాసేసి, మందు మాత్రం నన్ను అడిగారు.

నేను వాళ్లకి రెండు పాత సంగతులు చెప్పాను. 1952లో ప్రసార శాఖ చేపట్టిన బి.వి.కేస్కర్ హయాంలో ఆకాశవాణి నుంచి సినిమా పాటలు తప్పుకున్నాయి, శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేశారు. అప్పుడు జనం ఉత్తరాలు రాస్తూ కూర్చోలేదు, ముల్లు రేడియో సిలోన్ వైపు తిప్పారు. చివరికి 1957లో సినిమా పాటలు వేసే వివిధ భారతి మొదలుపెట్టాల్సి వచ్చింది. అదే 1957లో బీబీసీ, శాస్త్రీయ సంగీతం, సాహిత్యం ఎక్కువగా వేసే తన థర్డ్ ప్రోగ్రామ్ గంటలు తగ్గిస్తే, అక్కడి శ్రోతలు ఏకంగా సంఘం పెట్టుకుని పోరాడారు. నచ్చనప్పుడు చాలామంది చెప్పకుండా వెళ్లిపోతారు, తిట్టేవాడు ఇంకా మనల్ని వింటున్నాడు. కాబట్టి జవాబు రాసే ముందు ఈ గుట్టంతా చదవాలని పట్టుబట్టాను.

చదివాను. ఎక్కువమంది రాసింది కచేరీ టైము గురించే. పదింటికి నిద్రొస్తుంది, ఏడున్నర మాకు అలవాటు, ఇలా. మిగతావి నాకు అప్పుడు వట్టి ఆవేశంగా కనిపించాయి: "సంగీతంలో ప్రాణం పోయింది", "గొంతు నొక్కేసినట్టుంది", "వింటే తలనొప్పి". ఒకాయనైతే "మీ రేడియోకి ఆయాసం వచ్చింది" అని రాశారు. ఇవన్నీ బాధలో అన్న మాటలు అనుకుని పక్కన పెట్టాను. ఈ కేసులో నేను చేసిన మొదటి తప్పు అదే.

చేసి చూసినవి, ఫలించనివి

ఎక్కువమంది టైము అన్నారు కాబట్టి ముందు టైమే సరిచేద్దామన్నాను. ఏడున్నర ప్రోగ్రాంని వెంటనే తీసేస్తే కమిటీ ఒప్పుకోదు. అందుకని రాత్రి కచేరీని మర్నాడు పొద్దున ఆరింటికి మళ్లీ వేయించాను. పెద్దవాళ్లు ఆ వేళకి లేచే ఉంటారు, ఇంట్లో సద్దు తక్కువ. నా లెక్క ప్రకారం సగం గొడవ ఆగాలి. మూడు వారాలు చూశాం. టైము గురించి రాసేవాళ్లు తగ్గారు నిజమే, కానీ మొత్తం ఫిర్యాదులు తగ్గలేదు. పైగా, ఇంతకు ముందు టైము గురించి రాసినవాళ్లే ఇప్పుడు వేరే మాటలతో రాస్తున్నారు. ఒకావిడ రాసింది నాకు ఇంకా గుర్తుంది: "ఆరింటికి పెట్టారు, సంతోషం, విన్నాను, పది నిమిషాల్లో ఆపేశాను, ఎందుకో కూర్చోబుద్ధి కాలేదు." కచేరీ నచ్చకపోవడానికి ఆవిడకే కారణం తెలియడం లేదు. అక్కడ నేను ఆగి ఆలోచించాల్సింది.

ఆగకుండా ఫోన్-ఇన్ పెట్టించాను. వారానికో గంట, కోరిన కీర్తన. అదే పదిమంది, అవే కీర్తనలు. నాలుగో వారానికే తీసేశాం.

తర్వాత శ్రోతల సమావేశం. హాల్లో నూరుమంది దాకా వచ్చారు. రెండు వర్గాలుగా చీలి, కచేరీ కావాలనేవాళ్లు ఏడున్నర ప్రోగ్రాం చేసే అమ్మాయి మీద పడ్డారు. ఆ అమ్మాయి సంగీతం చదువుకున్న పిల్ల, పాట ముందు ఆరోహణ అవరోహణ పాడి వినిపించేది, అప్పుడప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకి అది చాలా ఇష్టం. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ గొడవలో ఒకాయన లేచి, "మీరు టేపులు పాడుచేస్తున్నారు, మా మేష్టారి గొంతు అది కాదు" అన్నారు.

ఇది మాత్రం తేల్చగలిగిన విషయమని నాకు తోచింది. కమ్యూనిటీ రేడియో ప్రసారం చేసిన ప్రతిదీ మూడు నెలలు దాచి ఉంచాలని రూలు. అందుకని స్టేషన్లో లాగర్ ఉంటుంది, ఇరవైనాలుగు గంటలూ రికార్డు చేస్తూ. ఆయన చెప్పిన రోజు, ఆ కచేరీ తీసి, పాత టేపు కాపీతో పక్కపక్కన పెట్టి హెడ్‌ఫోన్లలో విన్నాను. రెండూ ఒకటే, వెంట్రుకవాసి తేడా లేదు. అదే మాట ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. "రికార్డింగ్ చూశాం సార్, తేడా ఏమీ లేదు" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "సరే నాయనా" అని పెట్టేశారు. ఆ తర్వాత ఆయన రాయలేదు, వచ్చే యేడు చందా కట్టలేదు. నిజాయితీగా చెప్పాననే అనుకున్నాను, కానీ ఒక మనిషి చెవిని కాదన్నాను.

మలుపు

ఒక వీణ టీచర్ గారు, ఎనభై దగ్గర పడినావిడ, పోస్టుకార్డు రాశారు. కోపం లేదు, బతిమాలడం లేదు. తేదీ, టైము వేసి ఇంత మాత్రం రాశారు: ఫలానా రోజు తోడి రాగం ఆలాపనలో, గాయకుడు ఆగిన ప్రతిచోటా తంబురా పెద్దదవుతోంది, ఆయన మళ్లీ ఎత్తుకోగానే గొంతు వెనక్కి పోయి తర్వాత వస్తోంది, తంబురా అలా పెరగదు కదా.

అది చదివాక మిగతా ఉత్తరాలు మళ్లీ తీశాను. ఆయాసం. గొంతు నొక్కేయడం. తలనొప్పి. అందరూ ఒకే విషయాన్ని ఎవరికి వచ్చిన మాటల్లో వాళ్లు చెప్పారు. చెవికి తెలిసిన సంగతికి ఆవిడ దగ్గర పేరుంది, మిగతావాళ్ల దగ్గర లేదు. అంతే తేడా.

పదింటికి కచేరీ టైముకి వాళ్లింటికి వెళ్లాను. కిటికీ గూట్లో చిన్న ట్రాన్సిస్టర్. ఆవిడ కుర్చీ దాని దగ్గరికి జరిపి, "బాబూ, నువ్వు పాటను పట్టించుకోకు, వెనకాల శ్రుతిని మాత్రం విను" అన్నారు. విన్నాను. గాయకుడు మంద్రస్థాయిలో, అంటే కింది స్వరాల్లో, ఒక సంగతి పాడి, ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. రెండు సెకన్లలో తంబురా నెమ్మదిగా లేచి గదంతా నిండింది, దానితోబాటు టేపులోని బుసబుస కూడా. ఆయన పంచమం మీద ఎత్తుకోగానే ఎవరో చేత్తో అదిమినట్టు అంతా కిందికి దిగింది, గొంతు మొదలు నలిగిపోయి, తర్వాత తేరుకుంది. మళ్లీ ఆపు, మళ్లీ లేవడం. తని ఆవర్తనంలో, అంటే మృదంగం ఒంటరిగా వాయించే భాగంలో, ఇంకా ఘోరం. మృదంగం ఎడమవైపు తొప్పి మీద గట్టిదెబ్బ పడినప్పుడల్లా వెనక శ్రుతి ఒక్క క్షణం మాయమై తిరిగొచ్చేది. ఒకసారి తెలిశాక ఇక అదే వినిపిస్తుంది. నాకూ పది నిమిషాలకి తలనొప్పి వచ్చింది.

అయితే లాగర్‌లో ఎందుకు లేదు? మర్నాడు స్టేషన్‌కి వెళ్లి వైర్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నాయో ఇంజినీరుతో కలిసి ఒక్కొక్కటే చూశాను. లాగర్ స్టూడియోలో శబ్దాలన్నీ కలిపే కన్సోల్ నుంచే రికార్డు చేస్తోంది. కొత్త ప్రాసెసర్ దాని తర్వాత ఉంది. అంటే లాగర్‌లో ఉన్నది మేం పంపించినది, జనం విన్నది కాదు. సాక్ష్యం అనుకుని శ్రోత ముందు పెట్టిన రికార్డింగ్ తప్పుచోట తీసినది.

కారణాలు

ప్రాసెసర్ పని సులువుగా చెప్తాను. తక్కువగా ఉన్న శబ్దాన్ని పైకి లేపుతుంది, ఎక్కువగా ఉన్నదాన్ని కిందికి తెస్తుంది, మొత్తం ఒకే మట్టంలో ఉంచుతుంది. ఎఫ్‌ఎంలో చివరికి ఒక లిమిటర్ తప్పనిసరి, సిగ్నల్ డీవియేషన్ (శబ్దాన్ని బట్టి ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ జరిగే దూరం) 75 కిలోహెర్ట్‌జ్ దాటకూడదు కాబట్టి. సినిమా పాటలకి, కార్లో వినేవాళ్లకి ఈ మట్టసం పని బాగుంటుంది, అక్కడ శబ్దం ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. మన కచేరీ అలా కాదు. ఆలాపనలో ఆగడం సంగీతంలో భాగం, ఆ ఆపులో తంబురా మాత్రమే ఉంటుంది, అది చిన్నగా ఉండాలి. యంత్రానికి ఆ తంబురా "తగ్గిపోయిన ప్రోగ్రాం"లా కనిపించి పైకి లాగుతోంది. అమర్చిన కంపెనీ మనిషి ఏ సంగీతమో అడగకుండా గట్టిగా వినిపించే ప్రీసెట్ పెట్టి వెళ్లాడు, ఎవరూ మార్చలేదు.

ఇంకొకటి కూడా దొరికింది. ఆటోమేషన్‌లో సైలెన్స్ డిటెక్టర్ ఉంటుంది, పాట ఆగిపోతే గాలి ఖాళీగా ఉండకుండా తర్వాతి ఐటెం మొదలుపెట్టేందుకు. శబ్దం మైనస్ 40 డెసిబెల్స్ కన్నా తగ్గి ఎనిమిది సెకన్లు అలాగే ఉంటే నిశ్శబ్దమే అని దాని హద్దు. పాత టేపుల్లో కొన్ని చాలా తక్కువ లెవెల్‌తో ఎక్కించారు. వాటిలో మంద్రస్థాయి ఆలాపనని యంత్రం నిశ్శబ్దం అనుకుని, రాగం మధ్యలో జింగిల్ (స్టేషన్ గుర్తుగా వేసే చిన్న పాట ముక్క) వేసేస్తోంది. ఉత్తరాల్లో "మధ్యలో ప్రకటనలు దూరుస్తున్నారు" అన్న మాట ఉంది. డబ్బు కోసం వేస్తున్నారనుకున్నారు పాపం. మేమూ అలాంటిదేమీ లేదని కొట్టిపారేశాం, ఎందుకంటే షెడ్యూల్లో లేదు.

మూడోది ఆటోమేషన్ గడియారం. ముప్పావు గంట అవగానే కచేరీ ఎక్కడుంటే అక్కడ ఫేడ్ ఔట్. తని ఆవర్తనం సాధారణంగా చివర్లోనే వస్తుంది కాబట్టి తెగేది అదే. ముక్తాయింపు (ముగింపు వరస) పడకుండా తని తెగడమంటే వాక్యం క్రియ లేకుండా ఆగినట్టే, తాళం వేస్తున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోతుంది.

ఫలించినవి

అన్నీ ఒకేరోజు వెనక్కి తీసేయమని కమిటీలో కొందరన్నారు. నేను వద్దన్నాను. ఒకేరోజు నాలుగు మార్చడం వల్లే ఏది ఎక్కడ నొప్పి పెడుతోందో తెలియకుండా పోయింది. అదే పద్ధతిలో వెనక్కి వస్తే, ఏ మార్పు మంచిదో కూడా తెలియదు. పక్షానికి ఒకటి చొప్పున సరిచేద్దామన్నాను.

మొదట ప్రాసెసర్. అది ఎవరి ఇష్టాయిష్టాల మీదా ఆధారపడదు, అది వట్టి లోపం. పైకి లేపే పని చాలా నెమ్మది చేశాం. ఇన్‌పుట్ ఒక స్థాయి కన్నా తగ్గినప్పుడు లేపడం ఆగిపోయేలా గేటు పెట్టాం. శబ్దాన్ని కింది స్వరాలు, పై స్వరాలుగా విడివిడి బ్యాండ్లు చేసి నొక్కడం ఆపేశాం, వీణలో కింది తీగకీ పై తీగకీ నాదం వేరైపోతోంది దానివల్ల. చివరి లిమిటర్ మాత్రం ఉంచాం. నెట్ ప్రసారానికి అసలు ప్రాసెసింగే తీసేశాం. సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ స్టేషన్లో కాకుండా బయట ట్రాన్సిస్టర్‌లో విన్నాం, వీణ టీచర్ గారికి ఫోన్ చేసి అడిగాం. ఆవిడ మూడుసార్లు "ఇంకా ఉంది" అన్నారు. నాలుగోసారి "ఇప్పుడు తంబురా తన చోట తానుంది" అన్నారు. ఇంజినీరు ఆ మాట తేదీతో సహా లాగ్‌బుక్‌లో రాసుకున్నాడు.

సైలెన్స్ డిటెక్టర్ హద్దు మైనస్ 60కి దించి, అర నిమిషం చేశాం. తక్కువ లెవెల్ టేపులు మళ్లీ ఎక్కించాం, చాకిరీ ఎక్కువైనా తప్పలేదు. గడియారం కోతకి బదులు, కచేరీ ఎక్కడ ముగిస్తే అక్కడ ముగిసేలా పెట్టి, మిగిలిన నిమిషాలకి తంబురా మీద స్టేషన్ పేరు చెప్పే చిన్న ముక్క వేశాం.

తర్వాత అనౌన్స్‌మెంట్. దీనికి కమిటీ గట్టిగా అడ్డం పడింది, వివరాలు యాప్‌లో కనిపిస్తున్నాయి కదా అని. నేను వాళ్లని ఒకటే అడిగాను: వంట చేస్తూ వినే మనిషి చేతిలో ఫోన్ ఉంటుందా? పాత అనౌన్సర్ గారు వారానికి ఒక పూట వచ్చి ఆ వారం కచేరీలకి వివరాలు రికార్డు చేసి ఇచ్చేలా ఒప్పించాం. కృతికి ముందు, తర్వాత కూడా. మధ్యలో రేడియో పెట్టినవాళ్లకి తర్వాత చెప్పేదే ఆధారం. పక్కవాద్యాల పేర్లు కూడా తప్పనిసరి అన్నాను. కమిటీకి అది పట్టింపులా అనిపించింది, కానీ పాత కచేరీలో వయొలిన్ వాయించినాయన మనవరాలు ఫోన్ చేసి, తాతగారి పేరు రేడియోలో విన్నామని ఏడ్చినప్పుడు ఆ వాదన ఆగిపోయింది.

ఏడున్నర ప్రోగ్రాం తీయలేదు. అది అయిదున్నరకి వెళ్లింది, పిల్లలు సంగీతం క్లాసుల నుంచి వచ్చే వేళకి. ఆ అమ్మాయికి ఆ టైమే కుదిరింది కూడా. కచేరీ ఏడున్నరకి, గంటకి తిరిగొచ్చింది. అంటే ముందునుంచీ జనం అడిగిన టైము మార్పు చివర్లో చేశాం. ఎందుకంటే అదే మొదట చేసి ఉంటే, పాడైన కచేరీనే మంచి వేళకి వినిపించేవాళ్లం.

నేను నేర్చుకున్నది

ఇప్పుడు ఎవరు ఫిర్యాదు చేసినా ముందు మూడు అడుగుతాను: ఏ రోజు, ఎన్నింటికి, అప్పుడు ఏం పాడుతున్నారు. అది వాళ్లని పరీక్షించడానికి కాదు, ఆ నిమిషాన్ని నేనూ వినడానికి. ఏ స్టేషన్‌కి వెళ్లినా సంచిలో చిన్న ట్రాన్సిస్టర్ ఉంటుంది, లాగర్ ఎక్కడి నుంచి రికార్డు చేస్తోందన్నది మొదటి ప్రశ్న. "ప్రాణం లేదు" లాంటి మాటని అలంకారం అనుకోను, అక్షరాలా తీసుకుంటాను. ఎవరికైనా "తేడా లేదు" అని చెప్పే ముందు వాళ్ల సెట్టు ముందు కూర్చోవాలి, లేదా ఆ మాట అనకూడదు. ఫోన్ పెట్టేసిన పెద్దాయనకి తర్వాత నేనే వెళ్లి చెప్పాను, ఆయన విన్నది నిజమని, నేను చెప్పింది తప్పని. టీ ఇచ్చారు, వాళ్ల మేష్టారి గురించి గంటసేపు మాట్లాడారు. రేడియో మాత్రం మళ్లీ పెట్టలేదన్నారు.

ఒక సంగతి తేలలేదు. ప్రాసెసర్ తగ్గించాక జింగిల్ గట్టిగా, కచేరీ చిన్నగా వినిపించడం మొదలైంది, అది అయ్యాక ఇది వస్తే శ్రోతలు లేచి వెళ్లి వాల్యూమ్ పెంచుకోవాలి. కచేరీ పెంచమన్నారు కొందరు. కచేరీని ముట్టుకోవద్దు, జింగిల్స్‌నే దించమన్నాను. దించారు. ఆ వారమే ప్రకటనలిచ్చే ఒకాయన తన ప్రకటన సరిగా వినిపించడం లేదని కమిటీకి రాశారు. నేను అక్కడ పని ముగించి వచ్చే రోజుకి ఆ ఉత్తరం ఎజెండాలో మూడో అంశంగా ఉంది, జింగిల్స్ మాత్రం ఇంకా కిందే ఉన్నాయి.